ముందు ఏ చేప, ఆ తర్వాతే ఎన్ని: ఇంటి ఆక్వేరియం గురించి ఒక ప్రసంగం

అందరికీ నమస్కారం.

కొత్తగా ఆక్వేరియం పెట్టుకున్నవాళ్లు ఎవరైనా సరే, "ఇందులో ఎన్ని చేపలు వేయొచ్చండీ?" అనే అడుగుతారు. ఇవాళ దానికి లెక్కలతో సహా జవాబు చెబుతాను. అయితే ఒక సంగతి ముందే చెప్పేయాలి. ఎన్ని అనగానే మనకు పై హద్దు ఒక్కటే గుర్తొస్తుంది, అంటే ఇన్నిటికి మించి వేయకూడదు అన్నది. దానికి కింది హద్దు కూడా ఉంది. కొన్ని చేపల్ని ఇన్నిటికి తగ్గించి పెంచకూడదు. ఈ రెండో హద్దు సంగతి తెలియకే చాలా తొట్లు నెల తిరక్కుండా పాడవుతున్నాయి.

మామూలుగా ఏం జరుగుతుందో చూడండి. షాపుకి వెళ్తాం. రంగురంగుల చేపలు కనిపిస్తాయి. రకానికి రెండు చొప్పున తీసుకుందాం అనుకుంటాం. రెండు నియాన్ టెట్రాలు, రెండు టైగర్ బార్బ్‌లు, రెండు ఏంజెల్స్, రెండు గోల్డ్ ఫిష్‌లు, అద్దం శుభ్రంగా ఉంచుతుందని ఒక సక్కర్ ఫిష్. మొత్తం తొమ్మిది. తొమ్మిదే కదా, పెద్ద సంఖ్య ఏం కాదు అనిపిస్తుంది. కానీ ఆ తొమ్మిదిలో సుఖంగా ఉన్న చేప ఒక్కటి కూడా లేదు.

నియాన్ టెట్రా నదుల్లో పెద్ద గుంపులుగా బతికే చేప. దాని ధైర్యమంతా పక్కన తనలాంటివి ఉండటంలోనే ఉంది. రెండే ఉంటే మొక్కల చాటున దాక్కుంటాయి, రంగు వెలిసిపోతుంది, మేత వేసినా బయటికి రావడానికి భయపడతాయి. అలా నిత్యం టెన్షన్‌లో ఉండే చేపకి రోగం త్వరగా అంటుకుంటుంది. కనీసం ఆరు ఉండాలి, ఎనిమిది పది ఉంటే ఇంకా మంచిది.

టైగర్ బార్బ్ సంగతి వేరు. అది భయపడదు, ఎదుటివాటిని వేధిస్తుంది. ఎనిమిది, పది ఉన్న గుంపులో అయితే తరుముకోవడం, ఎవరిది పైచేయి అని తేల్చుకోవడం అంతా వాటిలో వాటికే సరిపోతుంది. ఎవరికీ పెద్దగా దెబ్బ తగలదు. రెండో మూడో ఉంటే ఆ గొడవ పక్క చేపల మీదికి మళ్లుతుంది. ఏంజెల్ కిందికి వేలాడే పొడవాటి రెక్కలు వాటికి కొరకడానికి అనువుగా దొరుకుతాయి. "బార్బ్‌లు పోట్లాడుతున్నాయి, రెండు తగ్గించాలా?" అని నన్ను అడుగుతుంటారు. చాలాసార్లు పెంచమని చెప్పాల్సి వస్తుంది. వినడానికి విచిత్రంగా ఉంటుంది కానీ పనిచేసేది అదే. పెంచడానికి తొట్టిలో చోటు లేకపోతే ఆ చేప ఆ తొట్టికి తగదని అర్థం.

ఇక ఏంజెల్. చిన్నప్పుడు రూపాయి బిళ్లంత ఉంటుంది. పెరిగితే పొడవు 15 సెంటీమీటర్ల దాకా వస్తుంది, రెక్కలతో కలిపి ఎత్తు అంతకన్నా ఎక్కువ. అప్పుడు నియాన్ టెట్రా దాని నోట్లో పడుతుంది. పగబట్టి తినదు. నోట్లో పట్టే చిన్న చేప కనిపిస్తే అది మేతే. గోల్డ్ ఫిష్‌కి 18 నుంచి 22 డిగ్రీల చల్లటి నీళ్లు హాయి. టెట్రాలు, ఏంజెల్స్ కోసం మనం నీళ్లని 24, 26 దగ్గర ఉంచుతాం. పైగా గోల్డ్ ఫిష్ బాగా తింటుంది, తిన్నదంతా నీళ్లలోకే వదులుతుంది. సక్కర్ ఫిష్ అని అమ్మేవాటిలో ఎక్కువగా దొరికే రకం 40 సెంటీమీటర్లకి పైగా పెరుగుతుంది. రెండడుగుల తొట్టిలో అది వెనక్కి తిరగడానికే చోటుండదు.

అందుకని నా మాట ఒకటే. రకాలు తగ్గించండి, ఒక్కో రకంలో సంఖ్య పెంచండి. ముందు ఏ చేపో తేల్చుకోండి. దానికి కనీసం ఎన్ని కావాలో అది చెబుతుంది. ఆ కనీస సంఖ్య మీ తొట్టి మోయగలదా అన్నది ఆ తర్వాత చూసే లెక్క. మనం చేసేది దీనికి తలకిందులు. పదిహేను అని ఒక సంఖ్య అనుకుని, ఆ సంఖ్యలోకి చేపల్ని ఇరికిస్తాం.

ఇప్పుడు పై హద్దు చూద్దాం. మీలో చాలామంది ఒక సూత్రం వినే ఉంటారు: గ్యాలన్ నీటికి, అంటే సుమారు 3.8 లీటర్లకి, అంగుళం చేప. దీన్నే కొందరు లీటరుకి సెంటీమీటరు అని కాస్త ఉదారంగా చెబుతారు. చిన్న చేపల విషయంలో మొదటి అంచనాకి ఇది పనికొస్తుంది. చేప పెద్దదయ్యేకొద్దీ పూర్తిగా తప్పు. ఎందుకో చూడండి. చేప పొడవు రెండింతలైతే వెడల్పు, ఎత్తు కూడా రెండింతలవుతాయి. అంటే బరువు సుమారు ఎనిమిదింతలవుతుంది. 3 సెంటీమీటర్ల చేపలు పది ఉన్నాయి, 30 సెంటీమీటర్ల ఆస్కార్ అనే పెద్ద చేప ఒకటి ఉంది అనుకోండి. సూత్రం ప్రకారం రెండూ సమానం. నిజానికి ఆకారం ఒకేలా ఉందనుకుంటే ఆ ఒక్క చేప బరువు 3 సెంటీమీటర్ల చేపలు వెయ్యింటి బరువుకి దగ్గర. తినేది, పీల్చే ఆక్సిజన్, వదిలే వ్యర్థం బరువుని బట్టి పెరుగుతాయి, పొడవుని బట్టి కాదు. బరువుతో సరిగ్గా సమానంగా పెరగవు, కొంచెం తక్కువే. అయినా పదింటితో పోల్చే విషయం మాత్రం కాదు. అందుకని 6, 7 సెంటీమీటర్లు దాటి పెరిగే చేపలకి ఆ సూత్రం వాడకండి.

ఇంకో సంగతి. లెక్కలో వేసుకోవాల్సింది పెరిగాక ఉండే పొడవు. షాపులో ఉన్నవన్నీ పిల్లలే. సిల్వర్ షార్క్ అక్కడ 6 సెంటీమీటర్లు ఉంటుంది, పూర్తిగా ఎదిగితే 30 దాటుతుంది. అదీ గుంపులో తిరిగే చేపే. అంటే కింది హద్దు, పై హద్దు రెండూ కలిపి చూస్తే ఇళ్లలో ఉండే తొట్లలో దాదాపు దేనికీ అది తగదు.

తొట్టిలో నిజంగా ఎన్ని లీటర్లున్నాయో కూడా చాలామందికి తెలియదు. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి వెయ్యితో భాగిస్తే లీటర్లు వస్తాయి. 60, 30, 36 సెంటీమీటర్ల తొట్టి అయితే సుమారు 65 లీటర్లు. అది ఖాళీ గాజుపెట్టె లెక్క. అడుగున రాళ్లు వేస్తాం, పైన నాలుగు వేళ్లు వదిలేస్తాం, మధ్యలో దుంగలు, అలంకారాలు పెడతాం. చివరికి ఉండే నీళ్లు 55 లీటర్లు అనుకోవచ్చు. చేపలకి లెక్క ఆ 55కే.

ఆకారం కూడా చూడాలి. 60 పొడవు, 30 వెడల్పు, 30 ఎత్తు ఉన్న తొట్టిలో 54 లీటర్లు పడతాయి. నీటి పై ఉపరితలం 1800 చదరపు సెంటీమీటర్లు. అదే తొట్టిని నిలువుగా నిలబెట్టినట్టు ఊహించుకోండి. 54 లీటర్లే, కానీ ఉపరితలం 900కి పడిపోయింది. ఆక్సిజన్ నీళ్లలోకి దిగేది, బొగ్గుపులుసు వాయువు బయటికి పోయేది ఆ ఉపరితలం నుంచే. ఎయిర్ పంపు బుడగలు కూడా ముఖ్యంగా చేసే మేలు నీటిని కలిపి పైపొరని కదిలించడమే. కాబట్టి అందంగా, సన్నగా, పొడవుగా నిలబడే తొట్టి చూడ్డానికి బాగుంటుంది కానీ తక్కువ చేపల్నే మోస్తుంది. ఈదే చేపకి కావాల్సింది కూడా అడ్డంగా ఉండే పొడవే. జీబ్రా ఫిష్ లాంటివి ఈ చివర్నుంచి ఆ చివరికి దూసుకెళ్తూ ఉంటాయి. గుండ్రటి గాజు గిన్నెల గురించి వేరే చెప్పను, వాటిలో ఏ చేపనీ ఉంచకండి.

వేడిమి కూడా గుర్తుంచుకోండి. 20 డిగ్రీల దగ్గర లీటరు నీళ్లు సుమారు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పట్టుకోగలవు. 30 డిగ్రీల దగ్గర ఏడున్నరే. నీళ్లు వేడెక్కితే చేప ఒంట్లో పనులు వేగమై దానికి ఆక్సిజన్ ఎక్కువ కావాలి. సరిగ్గా అప్పుడే నీళ్లలో తగ్గిపోతుంది. రాత్రిపూట మొక్కలు కూడా ఆక్సిజన్ పీల్చుకుంటాయి. చేపలు తెల్లవారుజామున నీటిపైకి వచ్చి నోళ్లు తెరుస్తున్నాయంటే కారణం చాలావరకు ఇదే. ఇక కరెంటు పోయి ఫిల్టరు, పంపు ఆగాయనుకోండి. కిక్కిరిసిన తొట్టిలో కొద్ది గంటల్లోనే ప్రమాదం మొదలవుతుంది. తక్కువ చేపలున్న తొట్టి ఆ గంటలు ఓర్చుకుంటుంది. తొట్టిని హద్దు దాకా నింపొద్దని నేను చెప్పడానికి ఇదే పెద్ద కారణం. అన్నీ సవ్యంగా నడిచే రోజున ఎన్ని చేపలు బతుకుతాయన్నది లెక్క కాదు. ఏదో ఒకటి ఆగిపోయిన రోజున ఎన్ని బతుకుతాయన్నదే లెక్క.

ఇప్పుడు వ్యర్థం సంగతి. ఇక్కడ కాస్త ఓపిగ్గా వినండి, ఎందుకంటే చేపల సంఖ్యని అసలు నిర్ణయించేది ఇదే.

చేప అమ్మోనియాని ఎక్కువ భాగం మొప్పల ద్వారానే నీళ్లలోకి వదులుతుంది. మిగిలిపోయి కుళ్లిన మేత నుంచి ఇంకొంత వస్తుంది. అమ్మోనియా చేపకి విషం. నీటి పీహెచ్, అంటే క్షారగుణం, పెరిగినా, వేడి పెరిగినా ఆ విషం తీవ్రమవుతుంది. ఫిల్టరులోని స్పాంజికి, రాళ్లకి అంటుకుని పెరిగే ఒకరకం బాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా మారుస్తుంది. అదీ విషమే. ఇంకో రకం దాన్ని నైట్రేట్‌గా మారుస్తుంది. నైట్రేట్ హాని తక్కువ, మొక్కలు కొంత తీసుకుంటాయి, మిగతాది మనం నీళ్లు మార్చి తీసేయాలి. ఈ బాక్టీరియా సరిపడా పెరగడానికి కొత్త తొట్టిలో నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. అందుకే మొదటిరోజు ఒక్క చేప కూడా ఎక్కువే అనాలి.

1850లో లండన్‌లో రాబర్ట్ వారింగ్టన్ అనే రసాయన శాస్త్రవేత్త ఈ సమతూకం గురించి తన ప్రయోగాన్ని ప్రకటించాడు. పెద్ద గాజుపాత్రలో రెండు చిన్న గోల్డ్ ఫిష్‌లు, వాలిస్నేరియా అనే నీటి మొక్క ఒకటి పెట్టాడు. ఆకులు కుళ్లి నీళ్లు చెడిపోవడం చూసి నత్తల్ని వేశాడు, నీళ్లు బాగుపడ్డాయి. బాక్టీరియా చేసే పని అప్పటికి ఎవరికీ తెలియదు. అయినా చేప వదిలేదాన్ని తీసుకునేది ఒకటి తొట్టిలో ఉండాలన్న సంగతి ఆయన పట్టుకున్నాడు. రెండే చేపలతో మొదలుపెట్టడం నాకు ప్రత్యేకంగా నచ్చే విషయం.

మన తొట్టిలో చేపలు ఎక్కువయ్యాయో లేదో తెలుసుకోవడానికి నీటిని పరీక్షించే టెస్ట్ కిట్ చాలు. అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా ఉండాలి. అది షరతు, అందులో బేరం లేదు. అసలు కొలత నైట్రేట్. నీళ్లు మార్చిన రోజున ఒకసారి, వారం తర్వాత మళ్లీ మార్చబోయే ముందు ఒకసారి కొలవండి. ఆ తేడాయే మీ చేపల భారం.

దీంట్లో ఒక చిన్న లెక్క ఉంది, కాగితం మీద రాసుకోండి. వారానికి నైట్రేట్ లీటరుకి 10 మిల్లీగ్రాములు పెరుగుతోంది అనుకుందాం. మీరు వారానికి పావు వంతు నీళ్లు మారుస్తున్నారు. కొత్త నీళ్లలో నైట్రేట్ లేదనుకుందాం. కొన్ని వారాలు గడిచాక అది ఎక్కడ నిలబడుతుంది? నీళ్లు మార్చే ముందు 40 దగ్గర. పావు వంతు తీస్తే 30, వారంలో మళ్లీ 40. పది పది చొప్పునే పెరుగుతోంది కదా అని ఊరుకుంటే అది నాలుగింతల దగ్గర స్థిరపడుతుంది. సగం నీళ్లు మారిస్తే 20 దగ్గర ఆగుతుంది. సాధారణ ఇంటి తొట్టికి 20 చాలా మంచిది, 40 దాటనివ్వకూడదు. వారానికి 20 పెరుగుతోందంటే పావు వంతు నీళ్లతో మీరు ఎప్పటికీ నెగ్గలేరు. మేత తగ్గించాలి, చేపలు తగ్గించాలి, లేదా నీళ్లు ఎక్కువ మార్చాలి. వారానికి ఎన్ని బకెట్లు మోయగలరో నిజాయితీగా అనుకోండి, చేపల సంఖ్య దానికి తగ్గట్టు పెట్టుకోండి. కుళాయి నీళ్లయితే క్లోరిన్ తీసే మందు కలపడం మరవకండి.

(సభలోంచి ఒకరు: "ఫిల్టరు పెద్దది పెడితే ఎక్కువ చేపలు వేయొచ్చు కదా?")

మంచి ప్రశ్న. కొంతవరకే. గంటకి తొట్టి నీటికి నాలుగైదు రెట్లు తిప్పే ఫిల్టరు ఉండటం మంచిదే. పెద్ద ఫిల్టరు అమ్మోనియాని త్వరగా నైట్రేట్‌గా మారుస్తుంది, కానీ నైట్రేట్‌ని తొట్టిలోంచి బయటికి పంపదు. చేప తిరిగే చోటునీ పెంచదు. రెండు మగ చేపలు ఒకే మూల కోసం కొట్టుకుంటుంటే ఫిల్టరు ఏం చేస్తుంది చెప్పండి?

సరే, మన 55 లీటర్ల తొట్టికి వద్దాం. నేనైతే ఏం వేస్తానో చెబుతాను. మధ్య పొరలో ఈదడానికి నియాన్ టెట్రాలు ఎనిమిది. అడుగున తిరగడానికి ఐదు సెంటీమీటర్లకి మించని కోరిడోరాస్ ఆరు. రెండూ 22 నుంచి 26 డిగ్రీల మధ్య హాయిగా ఉంటాయి, రెండూ నెమ్మదైనవి, ఒకదాని నోట్లో ఇంకొకటి పట్టదు, ఒకదాని చోటు ఇంకొకటి ఆశించదు. టెట్రా ఒక్కోటి 3 సెంటీమీటర్లనుకుంటే 24, కోరీలు ఐదేసి చొప్పున 30. మొత్తం 54. చిన్న చేపలు కాబట్టి ఆ పాత సూత్రానికీ సరిపోయింది. పద్నాలుగు చేపలు, రెండే రకాలు. నియాన్ల బదులు హార్లెక్విన్ రాస్బోరాలు వేసినా బాగుంటుంది, అవి కాస్త పెద్దవి కాబట్టి ఆరేడు చాలు. పైపొర ఖాళీగా ఉందే అని ఒక గౌరామీని వేయాలనిపిస్తుంది. ఆరు నెలలు ఆగి, నైట్రేట్ చూసి అప్పుడు ఆలోచించండి. నేనైతే వేయను. ఎనిమిది నియాన్లు ఒక్కసారిగా మలుపు తిరగడం చూసినవాళ్లకి తొట్టి ఖాళీగా ఉందన్న ఆలోచనే రాదు.

వాటిని ఒకేరోజు వేయకూడదు. తొట్టి సిద్ధమయ్యాక ముందు ఒక గుంపు, ఒకటి రెండు వారాలు ఆగి అమ్మోనియా సున్నా ఉందని చూసుకుని రెండో గుంపు. బాక్టీరియా చేపలతోపాటే పెరగాలి. వేరే చిన్న తొట్టి ఉంటే కొత్త చేపల్ని రెండు మూడు వారాలు విడిగా ఉంచి వేయండి, తెల్ల చుక్కల జబ్బు లాంటివి అక్కడే బయటపడతాయి. తన చోటు అని కాపలా కాసే స్వభావం ఉన్న చేప ఏదైనా ఉంటే దాన్ని చివర వేయాలి. ముందే వేస్తే తొట్టంతా తనదే అనుకుంటుంది.

కొన్ని చేపలు ఈ లెక్కలకి లొంగవు. వాటి గురించీ చెప్పాలి.

గప్పీలు ఆడా మగా కలిపి వేస్తే సంఖ్య మీ చేతిలో ఉండదు. నాలుగు వారాలకోసారి పిల్లలు పెడతాయి. మగదాన్ని తీసేసినా ఆడది లోపల దాచుకున్న వీర్యంతో నెలల తరబడి పిల్లల్ని పెడుతూనే ఉంటుంది. షాపు నుంచి తెచ్చిన ఆడ గప్పీ దాదాపు ఎప్పుడూ చూలుతోనే ఉంటుంది. సంఖ్య నిలకడగా ఉండాలంటే మగవాటిని మాత్రమే పెంచండి, రంగులూ వాటికే. రెండూ కావాలంటే ఒక మగదానికి రెండు మూడు ఆడవి ఉండాలి, లేకపోతే వెంటపడి వెంటపడి ఆడదాన్ని నీరసింపజేస్తుంది. మోలీలు, ప్లాటీలు కూడా ఇంతే.

ఫైటర్ మగది తొట్టికి ఒక్కటే. గాలిని నేరుగా పీల్చుకునే అవయవం దానికి ఉంది. అందుకే ఇరుకు సీసాల్లో పెట్టి అమ్ముతారు. బతుకుతుంది కాబట్టి అది చాలనుకోవడం అన్యాయం. దానికీ వెచ్చటి నీళ్లు, ఫిల్టరు, తిరగడానికి చోటు కావాలి.

ఆఫ్రికాలోని మలావీ సరస్సు నుంచి వచ్చిన సిక్లిడ్లు అనే చేపలది పూర్తిగా వేరు దారి. వాటిని నాలుగైదు పెడితే బలమైనది బలహీనమైనదాన్ని చంపేదాకా తరుముతుంది. అందుకే అనుభవజ్ఞులు కావాలనే సంఖ్య పెంచి, ఒకే చేప మీద దాడి పడకుండా చూస్తారు. దానికి పెద్ద తొట్టి, బలమైన ఫిల్టరు, బాగా నీళ్లు మార్చే ఓపిక ఉండాలి. ఆ తొట్ల ఫొటోలు చూసి మన టెట్రా తొట్టిని అలా నింపకూడదు.

(ప్రశ్న: "చేప తొట్టిని బట్టే పెరుగుతుందంటారు, చిన్న తొట్టిలో చిన్నగానే ఉండిపోతుందట, నిజమేనా?")

పెరుగుదల కుంటుపడటం నిజం. దాన్ని సర్దుకుపోవడం అనుకోవడమే తప్పు. వ్యర్థం పేరుకున్న నీళ్లలో ఎదుగుదల ఆగిపోతుంది, వెన్ను వంకర తిరగొచ్చు, ఆయుష్షు తగ్గుతుంది. బాగా చూసుకుంటే పదేళ్లకి పైగా బతికే గోల్డ్ ఫిష్ రెండేళ్లకే చచ్చిపోతే అది చిన్న తొట్టిలో ఇమిడిందని అనలేం.

(ప్రశ్న: "మా తొట్టిలో ఇప్పటికే ఎక్కువ ఉన్నాయి, ఇప్పుడేం చేయాలి?")

ముందు కంగారుపడి అన్నీ ఒకేసారి మార్చకండి. ఫిల్టరు స్పాంజిని కుళాయి కింద కడగొద్దు, బాక్టీరియా పోతుంది. తొట్టిలోంచి తీసిన నీళ్లలోనే పిండండి. మేత సగానికి తగ్గించండి. నీళ్లు వారానికి రెండుసార్లు, ప్రతిసారీ పావు వంతు మార్చండి. చాలాకాలంగా మార్చని తొట్టి అయితే ఒక్కసారిగా ఎక్కువ మార్చినా చేప తట్టుకోలేదు. తర్వాత మీ చేపల్లో అన్నిటికన్నా పెద్దగా పెరిగేది ఏదో చూడండి. ఆ ఒక్కదాన్ని పంపిస్తే చాలాసార్లు సగం భారం దిగిపోతుంది. షాపువాళ్లు వెనక్కి తీసుకుంటారేమో అడగండి, పెద్ద తొట్టి ఉన్నవాళ్లకి ఇవ్వండి. చెరువులోనో కాలువలోనో మాత్రం వదలకండి. దక్షిణ అమెరికా నుంచి వచ్చిన సక్కర్ ఫిష్ ఇలా వదిలేసినవాటి వల్లా, పెంపకం చెరువుల నుంచి తప్పించుకున్నవాటి వల్లా ఎన్నో దేశాల నీళ్లలో స్థిరపడిపోయింది. గట్లలో బొరియలు తవ్వుతుంది, వలల్లో పడి మత్స్యకారులకి నష్టం చేస్తుంది. తీసుకునేవాళ్లు దొరకడానికి కొన్నాళ్లు పట్టినా పర్వాలేదు, అప్పటిదాకా ఆ రెండు సార్ల నీళ్ల మార్పు ఆపకండి, కొత్త చేప ఒక్కటి కూడా కొనకండి.